అరిగిన డిస్కు మళ్లీ పెరుగుతుందా? కుందేలు, కుక్క, గొర్రె చెప్పిన సమాధానం



వినాయక చవితికి కొన్ని నెలల ముందు నుంచే ధూల్‌పేట్ షెడ్లలో పని జోరందుకుంటుంది. ప్లాస్టర్ సంచులు మోయడం, కొబ్బరి పీచు కలిపి అచ్చుల్లో వేయడం, గంటల తరబడి వంగి కూర్చుని రంగులు పూయడం, చివరికి విగ్రహాన్ని నలుగురూ పట్టి లారీ ఎక్కించడం. ఇందులో నడుము మీద పడని పని ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో మా ఓపీకి నడుమునొప్పితో వచ్చేవారిలో చాలామంది ఒక ప్రశ్న అడుగుతారు. "డాక్టరు గారూ, స్కానింగులో గుజ్జు అరిగిపోయిందన్నారు. ఏదో కణాల ఇంజెక్షన్ వేస్తే మళ్లీ గుజ్జు పుడుతుందట. జంతువుల మీద చేస్తే పని చేసిందట. అప్పు చేసైనా వేయించుకోమంటారా?"

ఆ ఇంజెక్షన్ కోసం ఇంటి కాగితాలు కుదువ పెట్టడానికి సిద్ధపడే కుటుంబాలు ఉన్నాయి. అందుకే ఈసారి పాఠం కొంచెం పెద్దదైనా ఓపికగా చదవమని మనవి. జంతువుల మీద పని చేసిందన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ మాట ఎంతవరకు నిజమో తెలియాలంటే ముందు డిస్కు గురించి, తర్వాత ఆ జంతువుల గురించి తెలుసుకోవాలి.

డిస్కు అంటే ఏమిటి?

మన వెన్నుపూసల మధ్య మొత్తం 23 డిస్కులు ఉంటాయి. ఒక్కో డిస్కు నడిమిలో ముంజెకాయలోని ముంజలా నీరు నిండిన మెత్తని గుజ్జు ఉంటుంది. దాని చుట్టూ పొర మీద పొరగా గట్టి నారల ఉంగరం ఉంటుంది. స్కూటర్ టైరు లోపల దారాలు ఒక పొరలో ఒకవైపుకు, మరో పొరలో ఇంకోవైపుకు ఏటవాలుగా ఎలా ఉంటాయో ఈ నారలు కూడా అలాగే ఉంటాయి. పైన ఒకటి, కింద ఒకటి పలుచని మృదులాస్థి పలకలు. వీటినే ఎండ్‌ప్లేట్లు అంటారు.

ఇక్కడొక ముఖ్యమైన విషయం. పెద్దవారి డిస్కు గుజ్జులోకి రక్తనాళాలు వెళ్లవు. చర్మం తెగితే రక్తం వచ్చి, గాయం కట్టి, కొత్త చర్మం వస్తుంది. డిస్కుకు ఆ వసతి లేదు. పక్కనున్న ఎముకలోని రక్తం నుంచి ఆహారం, ప్రాణవాయువు ఆ పలుచని పలక గుండా ఊరి ఊరి లోపలికి చేరాలి. కోయంబత్తూరులోని గంగా హాస్పిటల్ వైద్యులు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ బృందం మనుషులకు రక్తంలో ఒక రంగుమందు ఎక్కించి, పలుమార్లు ఎం.ఆర్.ఐ. తీసి ఈ ఊరే పద్ధతిని చూపించారు. ఆ మందు నడిమి గుజ్జుకు చేరడానికి గంటల సమయం పట్టింది. ఎండ్‌ప్లేట్ దెబ్బతిన్న చోట ఆ దారి మామూలుగా లేదు. ఈ పరిశోధనకు 2004లో వెన్నెముక వైద్యంలో పెద్ద పేరున్న అంతర్జాతీయ బహుమతి వచ్చింది.

అంటే డిస్కులోని కణాలు ఎప్పుడూ అరకొర తిండితోనే బతుకుతున్నాయన్న మాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరపడుతుంది.

జంతువులు ఎందుకు?

మనిషి డిస్కు పాడవడానికి ఇరవై, ముప్ఫై ఏళ్లు పడుతుంది. ఏ రోజు ఏ పొర చిరిగిందో చూడటానికి బ్రతికున్న మనిషి నడుము కోసి చూడలేము కదా. అందుకే పరిశోధకులు కుందేలు, ఎలుక, గొర్రె, మేక, కుక్క వంటి వాటిని ఆశ్రయించారు. కుందేలు డిస్కు ఉంగరాన్ని సూదితో పొడిస్తే కొద్ది వారాల్లోనే దాని ఎత్తు తగ్గిపోతుంది. మనకు ఇరవై ఏళ్లలో జరిగేది అక్కడ నెలన్నరలో కనిపిస్తుంది. ఎలుకకైతే తోక డిస్కుల మీద ప్రయోగం చేస్తారు, అందుకోవడం తేలిక కనుక. అయితే ఎలుక తన తోక మీద ప్లాస్టర్ సంచి మోయదు!

గొర్రె చెప్పిన సంగతి మన కూలి పనివారికి బాగా వర్తిస్తుంది. 1990లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ పరిశోధకులు గొర్రెల డిస్కు బయటి ఉంగరంలో చిన్న గాటు పెట్టారు. లోపలి గుజ్జును ముట్టుకోలేదు. కొన్ని నెలల తర్వాత చూస్తే బయటి గాటు మచ్చ కట్టి మానినట్టే ఉంది. కానీ లోపలి పొరలు మానలేదు, చీలిక లోపలికి పాకింది, ముట్టుకోని గుజ్జు కూడా క్రమంగా పాడైపోయింది. "ఆ రోజు కలుక్కుమంది, రెండు రోజుల్లో తగ్గిపోయింది, మళ్లీ పనికి పోయాను" అని చెప్పే ప్రతి రోగినీ చూసినప్పుడు నాకు ఆ గొర్రెలే గుర్తొస్తాయి. నొప్పి తగ్గడం వేరు, లోపల మానడం వేరు.

ఇంకో ప్రయోగం బీడీ, సిగరెట్, గుట్కా అలవాటున్నవారు తప్పక తెలుసుకోవలసింది. 2002లో జపాన్ పరిశోధకులు కుందేళ్లకు కొన్ని వారాల పాటు నికోటిన్ ఎక్కించారు. పొగ లేదు, బరువు మోయలేదు, వట్టి నికోటిన్. ఎండ్‌ప్లేట్ దగ్గరి సన్నని రక్తనాళాలు ముడుచుకుపోయి తగ్గాయి, లోపలి గుజ్జు కణాలు చనిపోసాగాయి. అసలే అరకొర తిండి, ఆ దారి కూడా మూస్తే ఏమవుతుంది? "బీడీ తాగితే ఊపిరితిత్తులు కదా పోయేది, నడుముకేం సంబంధం" అనే అన్నలకు ఇదే జవాబు.

పొట్టికాళ్ల కుక్క

డాష్‌హుండ్ అనే పొడవు నడుము, పొట్టి కాళ్ల కుక్కను మీరు చూసే ఉంటారు. ఆ జాతి కుక్కలకు నడి వయసులోనే డిస్కు పగిలి వెనుక కాళ్లు పడిపోవడం పశువైద్యులకు బాగా తెలుసు. స్వీడన్ పశువైద్యుడు హాన్సెన్ 1952లో వీటిని వివరంగా పరిశీలించి రాశారు. ఇలాంటి జాతుల్లో ఏడాది వయసు దాటేసరికే డిస్కు గుజ్జు జిగురుతనం పోయి గట్టి మృదులాస్థిలా మారిపోతుంది. 2017లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ శాస్త్రవేత్తలు దీనికి కారణమైన జన్యువును గుర్తించారు. ఎముక పెరుగుదలకు సంబంధించిన ఒక జన్యువు నకలు ఆ కుక్కల్లో అదనంగా ఉంది. కాళ్లు పొట్టి కావడానికీ, డిస్కు త్వరగా పాడవడానికీ అదే కారణం.

ఈ కుక్క బరువులు మోయలేదు, బీడీ తాగలేదు. పుట్టుకతో వచ్చినదే. మనుషుల్లో కూడా ఫిన్లాండ్‌లో కవల సోదరుల మీద జరిగిన అధ్యయనాలు ఇదే వైపు చూపించాయి. ఇద్దరిలో ఒకరు జీవితమంతా బరువు పని, మరొకరు కుర్చీ పని చేసినా, ఇద్దరి డిస్కులు ఆశ్చర్యకరంగా ఒకేలా అరిగాయి. బరువు పని ప్రభావం ఉంది, కాని వంశపారంపర్యం దానికంటే ఎక్కువ. కాబట్టి "నువ్వు జాగ్రత్తగా లేకనే ఇలా అయింది" అని ఇంట్లో నడుమునొప్పితో ఉన్నవారిని సాధించవద్దని అత్తగార్లకు, భార్యలకు, భర్తలకు నా మనవి.

బొప్పాయి పాలు, కుందేలు చెవులు

ఇప్పుడొక చిత్రమైన కథ. 1950లలో లూయిస్ థామస్ అనే అమెరికన్ వైద్యుడు వేరే ప్రయోగంలో భాగంగా కుందేళ్ల రక్తంలోకి పపైన్ అనే పదార్థం ఎక్కించాడు. పపైన్ అంటే పచ్చి బొప్పాయి పాల నుంచి తీసేది. మన ఇళ్లలో మాంసం త్వరగా ఉడకడానికి పచ్చి బొప్పాయి ముక్క వేస్తారే, ఆ పని చేసేది అదే. మర్నాటికి కుందేళ్ల నిలువు చెవులు కుక్కపిల్ల చెవుల్లా వేలాడిపోయాయి. చెవుల్లోని మృదులాస్థికి పటుత్వమిచ్చే పదార్థం కరిగిపోయింది. కొన్ని రోజులకు చెవులు మళ్లీ నిలబడ్డాయి. దీన్ని 1956లో ప్రచురించాడు.

ఇది చదివిన లైమన్ స్మిత్ అనే ఎముకల వైద్యుడికి ఒక ఆలోచన వచ్చింది. చెవిలో కరిగిన పదార్థమే డిస్కు గుజ్జులోనూ ఉంటుంది కదా, జారి నరాన్ని నొక్కుతున్న గుజ్జును కత్తి లేకుండా కరిగించవచ్చు కదా! బొప్పాయి పాలలోనే ఉండే కైమోపపైన్‌ను ముందు జంతువుల డిస్కుల్లో వేసి చూసి, 1963లో మొదటిసారి మనుషులకు వేశాడు. 1982లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. వేలాదిమందికి వేశారు, చాలామందికి కాలి నొప్పి తగ్గింది కూడా. కానీ కొందరికి ప్రాణం మీదికి వచ్చే అలర్జీ వచ్చింది, బహు కొద్దిమందికి వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడ్డాయి. 2003 నాటికి అమెరికాలో దాని అమ్మకం ఆగిపోయింది. కొద్ది కుందేళ్లలోనో కుక్కల్లోనో కనిపించని ప్రమాదం వేలమంది మనుషులకు వేశాక గాని బయటపడలేదు. అరుదైన కీడు చిన్న ప్రయోగంలో కనబడదు.

ఆ ఆలోచన పూర్తిగా చావలేదు. ఇదే పని చేసే కాండోలియేజ్ అనే వేరే మందును 2018లో జపాన్‌లో జారిన డిస్కుకు అనుమతించారు. కుందేలు చెవి వేలాడినప్పటి నుంచి అక్కడికి రావడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది.

(బొప్పాయి తింటే డిస్కు కరగదు, పెరగదు. పచ్చి కాయ పాలు నడుముకు రాస్తే చర్మం కాలుతుంది. దయచేసి రాయకండి.)

మరి గుజ్జును పెంచడం సంగతి?

కరిగించడం తేలిక, కట్టడం కష్టం. అయినా ప్రయత్నం చాలా జరిగింది. కణాలను పురిగొల్పే ఒక ప్రొటీన్‌ను కుందేలు డిస్కులో వేస్తే తగ్గిన ఎత్తు తిరిగి వచ్చింది. ఎముక మజ్జ నుంచి తీసిన మూలకణాలను, అదే స్టెమ్ సెల్స్‌ను, కుందేలు డిస్కులో వేస్తే పాడవడం నెమ్మదించిందని జపాన్ వైద్యులు 2003లో రాశారు. తర్వాత గొర్రెల్లోనూ, కుక్కల్లోనూ మంచి ఫలితాలు వచ్చాయి. ఓపీలో మీరు నన్ను అడిగే "జంతువుల మీద పని చేసిందట" అన్నది ఇదే.

అయితే కుందేలు మనిషి కాదనడానికి మూడు గట్టి కారణాలున్నాయి. మొదటిది, మనం తల్లి గర్భంలో ఉన్నప్పుడు డిస్కు గుజ్జును తయారు చేసే ఒక రకం పెద్ద కణాలు ఉంటాయి, నోటోకార్డ్ కణాలు అంటారు. మనలో అవి సుమారు పదేళ్ల వయసుకే దాదాపు మాయమవుతాయి. కుందేలులో, ఎలుకలో, పందిలో అవి పెద్దయ్యాక కూడా ఉంటాయి. బాగుచేసే మేస్త్రీ ఇంట్లోనే ఉన్నవాడి ఇల్లూ, మేస్త్రీ ఎప్పుడో వెళ్లిపోయిన ఇల్లూ ఒకటేనా? గొర్రె, మేక, డాష్‌హుండ్ ఈ విషయంలో మనకు దగ్గర. రెండవది, కుందేలు డిస్కు మందం కొద్ది మిల్లీమీటర్లే. మన నడుము డిస్కు దాదాపు సెంటీమీటరు మందం. ముందు చెప్పాను కదా, ఆహారం ఊరుతూ చేరాలని. దూరం పెరిగేకొద్దీ లోపలి కణాలకు ఆకలి. అరిగిన డిస్కులో ఉన్న కణాలకే తిండి చాలనప్పుడు కొత్తగా లక్షల కణాలను లోపలికి పంపితే అవి ఏం తిని బతుకుతాయి? మూడవది, కుందేలు డిస్కు సూదితో పొడిస్తే పాడైంది. పుండు కొత్తది, మిగతా శరీరం లేతది. మనది ఇరవై ఏళ్లుగా మెల్లగా అరిగినది.

మనుషుల్లో ఏమైంది? అమెరికా, ఆస్ట్రేలియాల్లో 404 మంది నడుమునొప్పి రోగులతో ఒక పెద్ద స్టెమ్ సెల్ ప్రయోగం జరిగింది. కొందరికి కణాలు, కొందరికి వట్టి ఉప్పునీరు. 2021లో ఫలితాలు వచ్చాయి. నొప్పి, కదలిక రెండూ బాగుపడాలని ముందుగా పెట్టుకున్న లక్ష్యం నెరవేరలేదు. నొప్పి మొదలై ఎక్కువ కాలం కాని రోగుల్లో కొంత ఉపశమనం కనిపించిందని మరో ప్రయోగం మొదలుపెట్టారు. అంటే తలుపు మూసుకుపోలేదు, అలాగని తెరుచుకోనూ లేదు.

మన హైదరాబాద్ పాత పాఠం

జంతు ప్రయోగం మనిషికి ఎంత చెబుతుంది, ఎక్కడ తప్పుతుంది అన్న తగాదా ధూల్‌పేట్‌కు దగ్గరలోనే, మూసీ ఒడ్డున, 130 ఏళ్ల కిందటే నడిచిందంటే నమ్ముతారా? 1888లోను, 1889లోను ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పని చేశాయి. అప్పటి హైదరాబాద్ మెడికల్ స్కూలు ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ వాటికి పెద్ద. ఆ స్కూల్లోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి కూడా అందులో పాలుపంచుకున్నారు. మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరిగా ఆమెను చెప్పుకుంటారు. రెండవ కమిషన్ కోసం ఇంగ్లండు నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు వచ్చాడు. నాలుగు వందలకు పైగా ప్రయోగాలు కుక్కల మీద, కోతుల మీద జరిగాయి. క్లోరోఫాంలో ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, కనుక ఊపిరిని గమనిస్తే చాలు, నాడి పట్టనక్కరలేదు అని తేల్చారు.

ఊపిరిని గమనించమన్నది మంచి మాటే. గుండెకు భయం లేదన్నది మాత్రం నిలవలేదు. 1911లో లండన్‌లో లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద చేసి, తేలిక మత్తులో కూడా క్లోరోఫాం గుండెను హఠాత్తుగా ఆపగలదని చూపించాడు. నాలుగు వందల ప్రయోగాలు చెప్పని సంగతి, వేరే ప్రయోగంలో, వేరే మోతాదులో బయటపడింది. ఆనాటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో పోయింది, తర్వాత ఉస్మానియా ఆసుపత్రి వచ్చింది. కానీ ఆ పాఠం నేటి స్టెమ్ సెల్ ప్రకటనలకు అక్షరాలా సరిపోతుంది.

సంఘస్థులు కొందరు, మూగజీవాలను ఇలా వాడుకోవడం దేవుని దృష్టిలో న్యాయమా అని కూడా అడిగారు. న్యాయమైన ప్రశ్న. సామెతల గ్రంథం 12వ అధ్యాయం 10వ వచనం తీసి చదవండి, నీతిమంతుడు తన పశువు పట్ల ఎలా ఉంటాడో అక్కడుంది. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రయోగాలకు కట్టుబాట్లు పెట్టింది. నొప్పి తెలియకుండా మత్తు ఇవ్వాలి, చిన్న జంతువుతో సరిపోయే చోట పెద్ద జంతువును వాడకూడదు, వట్టి చేయి తిరగడం కోసం ప్రయోగం చేయకూడదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట్ల కూడా కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకనైనా ముట్టుకోరాదు. నా మటుకు నాకు, ఆ జీవుల బాధ మీద వచ్చిన జ్ఞానాన్ని వక్రీకరించి పేదవాడి దగ్గర డబ్బు గుంజడం రెండింతల అన్యాయం అనిపిస్తుంది.

ఇప్పుడు మీరేం చేయాలి?

ఎవరైనా డిస్కు గుజ్జు పెంచుతామని స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌కు డబ్బు అడిగితే ఇవ్వకండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మిగతా జబ్బులకు స్టెమ్ సెల్స్‌ను ప్రయోగంలో భాగంగానే వాడాలి. అది నిజమైన ప్రయోగమైతే దానికి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నంబరు ఉంటుంది, 2009 నుంచి ఇది తప్పనిసరి. పరీక్షిస్తున్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. ఆ నంబరు అడగండి. నంబరు లేదు, లక్షలు మాత్రం ఉన్నాయంటే లేచి వచ్చేయండి. కాగితాలు పట్టుకుని మా దగ్గరికి రండి, చదివి చెబుతాము.

ఎం.ఆర్.ఐ.లో డిస్కు అరిగింది అని రాసి ఉన్నందుకే బెంగపడవద్దు. నొప్పి ఏమాత్రం లేనివారి ఎం.ఆర్.ఐ.లను కలిపి చూసిన 2015 నాటి లెక్క ప్రకారం ఇరవై ఏళ్లవారిలో 37 శాతం, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. అది చాలావరకు తల నెరవడం లాంటిది.

డిస్కు జారి కాలిలోకి నొప్పి లాగుతున్నా, చాలామందిలో బయటికి వచ్చిన గుజ్జును శరీరమే కొన్ని నెలల్లో కరిగించుకుంటుంది. రక్తం అందే చోటికి గుజ్జు వచ్చిపడటంతో రక్తంలోని కణాలు దాన్ని తినేస్తాయి. కుందేళ్లలో ఇది స్పష్టంగా చూశారు. నెదర్లాండ్స్‌లో 283 మంది సయాటికా రోగుల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి త్వరగా తగ్గింది. కానీ ఏడాది గడిచేసరికి ఆగి చూసినవారూ ఇంచుమించు అంతే బాగున్నారు. ఆగినవారిలో సుమారు పది మందిలో నలుగురికి మధ్యలో ఆపరేషన్ అవసరమైందన్నది కూడా చెప్పాలి. అంటే ఆపరేషన్ శత్రువు కాదు, తొందర మాత్రం అక్కర్లేదు.

బరువు ఎత్తే పద్ధతి మార్చుకోండి. జర్మనీలో 1999లో ఒక ఆరోగ్యవంతుడు తన నడుము డిస్కులో ఒత్తిడి కొలిచే సూదిని పెట్టించుకున్నాడు. నిలబడితే 0.5, ఇరవై కిలోల బరువును నడుము వంచి ఎత్తితే 2.3, మోకాళ్లు వంచి ఎత్తితే 1.7, ఎత్తాక ఒంటికి దగ్గరగా పట్టుకుంటే 1.1. పడుకుంటే 0.1 మాత్రమే. ఒక్క మనిషి మీద తీసిన లెక్కే అయినా మన షెడ్లకు చాలు. ప్లాస్టర్ సంచిని సగం సగం చేసుకుని ఎత్తండి, పొట్టకు ఆనించి పట్టుకోండి, ఎత్తుతూ నడుము తిప్పకండి, పాదాలు తిప్పండి. రంగులు వేసేవారు విగ్రహాన్ని బల్ల మీద పెట్టుకుంటే వంగే పని సగం తగ్గుతుంది. నొప్పి ఉన్న రోజుల్లో కూడా మంచం పట్టకుండా మెల్లగా నడవండి.

కొన్ని గుర్తులకు మాత్రం ఈ ఓపిక పనికిరాదు. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం పట్టు తప్పడం, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేవకపోయి చెప్పు జారిపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం, జ్వరంతో లేక బరువు తగ్గడంతో పాటు నడుమునొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా అదే రాత్రి క్యాజువాలిటీకి రండి. పాత ఎం.ఆర్.ఐ. ఉంటే వెంట తెచ్చుకోండి. లేకపోతే దానికోసం ఆగవద్దు.